బావంచాల గింజ నుంచి కంప్యూటర్ తెర దాకా

(ఆదివారం ఉదయం రేడియో ప్రసంగానికి అక్షరరూపం)



బావంచాలు అనే గింజల్ని మీలో ఎంతమంది చూశారో నాకు తెలియదు. మన ఊళ్ళల్లో బీడు నేలల్లో, చేలగట్ల మీద మొలిచే మొక్క అది. చిన్న చిన్న ఊదారంగు పూలు పూస్తుంది. గింజ నల్లగా, చిన్నగా, మూత్రపిండం ఆకారంలో ఉంటుంది. వాసన ఘాటు. మూలికల కొట్లో అడిగితే పొట్లం కట్టి ఇస్తారు. సంస్కృతంలో దాని పేరు బాకుచి. ఈ గింజ కథ చెప్పుకుంటూ పోతే, చర్మం రంగుకి సంబంధించిన జబ్బులకి మనుషులు చెట్లలో మందు వెతికిన చరిత్ర దాదాపు మొత్తం చెప్పుకున్నట్టే అవుతుంది. ఆ చరిత్రలో చివరి అధ్యాయం కంప్యూటర్‌ది. నేను ఇరవై ఏళ్ళుగా మందుల కంపెనీల్లో ఆ కంప్యూటర్ లెక్కలు చేసే ఉద్యోగంలోనే ఉన్నాను. కాబట్టి ఈ కథ చెప్పే బాధ్యత మన రేడియో మిత్రులు నా మీదకి తోశారు.

ముందు ఒక మాట తేల్చుకుని ముందుకు వెళ్దాం. చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. దాన్ని తయారు చేసే కణాలు చచ్చిపోతే తెల్లమచ్చలు వస్తాయి. దాన్నే మనం బొల్లి అంటాం, ఇక్కడి డాక్టర్లు విటిలైగో అంటారు. ప్రపంచంలో నూటికి అరమనిషి నుంచి ఒక మనిషి దాకా ఇది ఉంటుందని అంచనా. ఆ కణాలు అవసరానికి మించి పనిచేస్తే ముఖం మీద నల్లటి మంగు మచ్చలు వస్తాయి. ఒకటి లేమి, ఒకటి అతి. బొల్లి అంటువ్యాధి కాదు, దానికీ కుష్టుకీ ఏ సంబంధమూ లేదు. ఇది అందరికీ తెలిసిన విషయమేగా అనకండి. మా మేనత్తకి 1970లలో మోచేతుల దగ్గర మచ్చలు వచ్చాయి. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కాఫీలు తాగి వెళ్ళి, మూడోరోజున మధ్యవర్తి చేత చెప్పించిన మాట "తెల్లకుష్టు". మా తాతగారు బావంచాలు గోమూత్రంలో నానబెట్టి, నూరించి, ఆ ముద్ద మచ్చల మీద పట్టించి, ఆవిణ్ణి పెరట్లో ఎండలో కూర్చోబెట్టేవారట. బొబ్బలెక్కేవి. బొబ్బలు మానాక మచ్చ మధ్యలో వెంట్రుక మొదళ్ళ చుట్టూ నువ్వుగింజల్లాగా నల్లటి చుక్కలు వచ్చాయా లేదా అని తాతగారు రోజూ కళ్ళజోడు పెట్టుకుని చూసేవారు. కొన్నిచోట్ల వచ్చాయి, కొన్నిచోట్ల రాలేదు. అత్తయ్యకి ముప్పై రెండో ఏట రెండో సంబంధం కుదిరింది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో విడాకులకి కారణంగా రాసింది నయంకాని కుష్టుని; బొల్లి ఊసు అందులో లేనేలేదు. కుష్టుని కూడా 2019లో ఆ చట్టం నుంచి తీసేశారు. చట్టం ఎలా ఉన్నా, పెళ్ళిళ్ళ పేరయ్యల నోటిలో మాత్రం ఆ రెండు పేర్లూ చాలాకాలం కలిసే ఉన్నాయి.

తాతగారు చూసిన ఆ నల్లచుక్కలు చాదస్తం కావు. వెంట్రుక కుదుళ్ళలో రంగు కణాలకి విత్తనాల లాంటి కణాలు దాగి ఉంటాయి. అవి మేలుకుంటే, పైకి పాకుతూ వచ్చి ముందు కుదురు చుట్టూనే రంగు వేస్తాయి. ఈ రోజు చర్మవైద్యులు కూడా మందు పనిచేస్తోందా అని చూడటానికి ఆ చుక్కల కోసమే వెతుకుతారు.

ఇక వెనక్కి వెళ్దాం. తెల్లమచ్చ మీద నల్లటి మూలిక రంగు పులమమని వేడుకునే సూక్తాలు అథర్వవేదం మొదటి కాండంలోనే ఉన్నాయి. నలుపుకి నలుపు విరుగుడన్నమాట, అప్పటి ఆలోచన అది. చరకసంహితకి వచ్చేసరికి ఆలోచన ముదిరింది. చరకుడు బొల్లిని శ్విత్రం అంటాడు. మేడి జాతి చెట్టు రసాన్ని బెల్లంతో తాగించి, ఒంటికి నూనె పట్టించి, ఓపికున్నంతసేపు ఎండలో ఉంచమంటాడు. ఇక్కడ గమనించవలసినది ఎండ. మందొక్కటే చాలదు, దాని మీద సూర్యుడు పనిచెయ్యాలి అని ఎవరో, ఎప్పుడో, ఎంతోమంది రోగుల్ని చూసి గ్రహించారు.

అదే సంగతిని ఆఫ్రికా వాయవ్యమూలలో బెర్బర్ జాతివాళ్ళు వేరే మొక్కతో కనిపెట్టారు. దాని పేరు అత్రిలాల్, లాటిన్‌లో అమ్మీ మేజస్. మన వాము, కొత్తిమీరల కుటుంబమే. నైలునది ఒడ్డున కలుపుమొక్కలా పెరుగుతుంది. ఒక తెగవాళ్ళు ఆ గింజల రహస్యం దాచుకుని, మందు మాత్రం అమ్ముకునేవారని ఇబ్న్ అల్ బైతార్ రాశాడు. ఈయన స్పెయిన్‌లోని మలగా వాడు, 1248లో డమాస్కస్‌లో చనిపోయాడు. గింజల పొడి తేనెతో తాగించి, మచ్చని ఎండకి పెట్టమని ఆయన రాసిన పద్ధతి. చరకుడికీ బెర్బర్లకీ ముఖపరిచయం లేదు. మొక్కలు వేరు, భాషలు వేరు, దొరికిన జవాబు ఒకటే.

మన హైదరాబాదులో ఈ రెండు దారులూ కలుస్తాయి. ఎర్రగడ్డ దగ్గర చర్మవ్యాధుల కోసం జాతీయ యునానీ పరిశోధన సంస్థ ఉంది. బొల్లిని యునానీవాళ్ళు బర్స్ అంటారు. దానికోసం ఎక్కడెక్కడినుంచో రోగులు అక్కడికి వస్తారు. యునానీ మందుల్లో అత్రిలాలూ ఉంది, బావంచాలూ ఉన్నాయి. అరబ్బుల గింజా, మన చేలగట్టు గింజా ఒకే అలమరలోకి చేరాయి.

ఇంతకీ ఆ గింజల్లో ఏముంది? 1933లో జోయిస్, మంజునాథ్, వెంకటరావు అనే మన రసాయన శాస్త్రజ్ఞులు బావంచాల గింజల్లోంచి ఒక పదార్థాన్ని విడదీసి, ఇండియన్ కెమికల్ సొసైటీ పత్రికలో ప్రకటించారు. మొక్క లాటిన్ పేరు సొరాలియా కాబట్టి పదార్థం సొరాలెన్ అయింది. 1947లో ఈజిప్టులో ఫహ్మీ, అబూ షాదీ అత్రిలాల్ గింజల్లోంచి దీనికి సొంత తమ్ముడి లాంటి పదార్థాన్ని విడదీశారు. ఈరోజు దాన్ని మెథాక్సాలెన్ అంటున్నాం. కైరోలో ఎల్ మోఫ్తీ అనే చర్మవైద్యుడు దాన్ని బొల్లి రోగులకి ఇచ్చి చూశాడు. ఆరన్ లెర్నర్ బృందం 1953లో అమెరికాలో దాని మీద పరీక్షల ఫలితాలు ప్రచురించింది. ఈ లెర్నర్ తరవాత 1958లో మెలటోనిన్ కనిపెట్టినవాడు. ఇప్పుడు మనం విమానప్రయాణాల తరవాత నిద్రకోసం వేసుకుంటున్నామే, అదే.

సొరాలెన్ పనితీరు చూడటానికి ముచ్చటగా ఉంటుంది. బల్లపరుపుగా ఉండే అణువు. మన కణాల్లో డి.ఎన్.ఏ. అనే మెలికల నిచ్చెన ఉంటుంది కదా, దాని మెట్ల మధ్యకి జొరబడి చీకట్లో ఊరికే కూర్చుంటుంది. అతినీలలోహిత కిరణం తగిలిందో, రెండు చేతులతో రెండువైపులా కొక్కెం వేసేస్తుంది. చరకుడు ఎండ ఎందుకన్నాడో అక్కడ తెలుస్తుంది. నిమ్మరసం, అత్తిపాలు చేతికి అంటుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కడం కూడా ఈ కుటుంబం వాళ్ళ పనే.

ఈ మందుకి అమెరికా చరిత్రలో ఒక వింత పాత్ర ఉంది. ఇది మన పిల్లలకి స్కూల్లో కూడా తగలవచ్చు. 1959లో జాన్ హొవార్డ్ గ్రిఫిన్ అనే టెక్సస్ తెల్లరచయిత, దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళ బతుకు ఎలా ఉంటుందో నల్లవాడిగానే చూడాలనుకున్నాడు. న్యూ ఆర్లియన్స్‌లో ఒక చర్మవైద్యుడి సహాయంతో ఈ బొల్లి మాత్రలే మింగి, దీపాల కింద గంటల తరబడి పడుకుని, ఒళ్ళు నల్లబరచుకున్నాడు. మిగిలిన చోట్ల రంగు పూసుకున్నాడు, జుట్టు గొరిగించుకున్నాడు. తర్వాత బస్సెక్కి మిసిసిపీ, అలబామా తిరిగాడు. 1961లో వచ్చిన ఆయన పుస్తకం 'బ్లాక్ లైక్ మీ' ఎందరినో కదిలించింది. ఆ మాత్రల వల్లే ఆయన చనిపోయాడని ఒక పుకారు ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది. అది నిజం కాదు, ఆయన 1980లో మధుమేహంతో పోయాడు. నాకు మాత్రం ఆ కథలో మనసుకి పట్టేది వేరే. మా అత్తయ్య ఏ రంగు తిరిగి రావాలని పెరట్లో బొబ్బలు భరించిందో, ఆ రంగుని గ్రిఫిన్ కావాలని తెచ్చుకుని, ఆ రంగు మోసేవాళ్ళకి ఎలాంటి చూపులు తగులుతాయో అనుభవించి రాశాడు. మందు ఒకటే.

1974లో బాస్టన్ వైద్యులు ఆ మాత్రనీ, కొలిచి వేసే దీపాన్నీ జోడించి సొరియాసిస్‌కి చికిత్స చేశారు. ఆ బృందంలో మన దేశం నుంచి వెళ్ళిన మధు పాఠక్ గారు ఒకరు. పూవా అన్న పేరుతో అది ప్రపంచమంతా పాకింది. లెక్క మాత్రం తరవాత తేలింది. 16 ఆసుపత్రుల్లో 1,380 మంది సొరియాసిస్ రోగుల్ని దశాబ్దాల తరబడి గమనిస్తూ వస్తే, ఎక్కువసార్లు ఈ చికిత్స చేయించుకున్నవాళ్ళకి ఒక రకం చర్మ కాన్సరు బాగా పెరిగినట్టు తేలింది. డి.ఎన్.ఏ.కి కొక్కేలు వేసే మందు మరి. 1997లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి, మాత్ర లేకుండా సన్నని పట్టీ అతినీలలోహిత కాంతితోనే బొల్లి నయం చెయ్యవచ్చన్న ఫలితం వచ్చింది. అప్పటినుంచి సొరాలెన్ వెనక్కి తగ్గుతూ వచ్చింది.

ఇది లేమి కథ. అతి కథ అమెరికాలో ఒక తోళ్ళ కర్మాగారంలో మొదలయింది. 1939లో అక్కడ పనిచేసే నల్లజాతి కార్మికుల చేతులు తెల్లబడిపోయాయి. విచారిస్తే కారణం వాళ్ళు తొడుక్కున్న రబ్బరు చేతితొడుగులు. రబ్బరు పాడవకుండా కలిపిన మోనోబెంజోన్ అనే పదార్థం రంగు కణాల్ని చంపేస్తోంది. దాని చుట్టం హైడ్రోక్వినోన్. అలా కార్మికుల చేతులు చెడగొట్టిన రసాయనం పట్టుకుని మనుషులు వ్యాపారం మొదలుపెట్టారు. రంగు తగ్గించే క్రీములు ఆఫ్రికాలో, అమెరికాలో, మన దేశంలో వీధివీధికీ చేరాయి. దక్షిణాఫ్రికాలో ఆ క్రీములు ఏళ్ళ తరబడి రాసుకున్న ఆడవాళ్ళ బుగ్గల మీద నీలినలుపు మచ్చలు గట్టిపడి ఉండిపోవడం ప్రిటోరియాలోని ఫిండ్లే అనే వైద్యుడు 1975లో ప్రకటించాడు. తెలుపుకోసం రాస్తే నలుపు శాశ్వతం అయింది. 1990లో ఆ దేశం అలాంటి క్రీముల్ని నిషేధించింది. అయినా 2015లో డర్బన్‌లో 600 మంది ఆఫ్రికన్, భారతీయ సంతతి స్త్రీలని అడిగి చూస్తే, ఇంచుమించు మూడోవంతు మంది తెల్లబరిచే సరుకు వాడుతున్నామన్నారు. డర్బన్‌నుంచి ఇంటర్నెట్‌లో మన కార్యక్రమం వినే శ్రోతలకి ఈ సంగతి నాకన్నా బాగా తెలిసి ఉంటుంది.

హైడ్రోక్వినోన్‌కి చెడ్డపేరు వచ్చాక అందరి చూపూ మళ్ళీ చెట్ల మీదకి మళ్ళింది. "సహజం" అన్న ముద్రకి ధర ఉంది కదా. ఎవరి చెట్టులో ఏ పదార్థం మెలనిన్‌ని ఆపుతుందో వెతకడానికి ఒక గురి కావాలి. ఆ గురి టైరోసినేజ్ అనే ఎంజైము.

దీన్ని మీరు రోజూ వంటింట్లో చూస్తూనే ఉన్నారు. వంకాయ తరిగి పక్కన పెడితే నల్లబడుతుంది, అందుకే ఉప్పునీళ్ళల్లో వేస్తాం. ఆ నలుపు తెచ్చేది టైరోసినేజ్‌కి దాయాది. రెండింటి నడిబొడ్డులోనూ రెండేసి రాగి పరమాణువులు ఉంటాయి. 1895 ప్రాంతంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు బూర్కెలో, బెర్ట్రాన్ కోస్తే నల్లబడే పుట్టగొడుగుల్లో టైరోసినేజ్‌ని కనిపెట్టారు. మన చర్మంలో మెలనిన్ తయారీకి మొదటి అడుగు వేసేది కూడా ఇదే. పుట్టగొడుగు ఎంజైము చవక, సీసాల్లో కొనుక్కోవచ్చు. మనిషిది దొరకడం కష్టం, నిలవ ఉంచడం ఇంకా కష్టం. అందుచేత ప్రపంచంలో "తెల్లబరిచే మూలిక" అన్న పరీక్షల్లో చాలాభాగం పుట్టగొడుగు మీద చేసినవే.

కంప్యూటర్ ఈ రంగంలోకి వచ్చిన దారి ఇది. 1894లోనే ఎమిల్ ఫిషర్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఎంజైముని తాళంకప్పతోనూ, దానిలో ఇమిడే అణువుని తాళంచెవితోనూ పోల్చాడు. 1982లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కుంట్జ్ బృందం ఆ పోలికని ప్రోగ్రాముగా రాసింది: తాళంకప్ప ఆకారం ఇస్తే, చెవుల గుత్తిలో ఒక్కొక్కటీ తిప్పి, అటూ ఇటూ వంచి, ఏది ఎంత గట్టిగా ఇముడుతుందో మార్కులు వేస్తుంది. దీన్ని డాకింగ్ అంటారు. ఓడని రేవులో ఒదిగించడం లాంటిదన్నమాట. శాన్‌డియేగో ప్రాంతంలోని స్క్రిప్స్ సంస్థవాళ్ళు ఆటోడాక్ రాశారు, 2010లో ఆటోడాక్ వైనా ఉచితంగా ఇచ్చారు. పుట్టగొడుగు టైరోసినేజ్ ఆకారాన్ని 2011లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు ఎక్స్‌రేలతో తీసి అందరికీ అందుబాటులో పెట్టారు. చెవుల గుత్తి సంగతి చెప్పాలంటే, చెన్నైలో గణితశాస్త్ర సంస్థవాళ్ళు 2018లో మన మూలికల జాబితా కట్టారు: 1,742 మొక్కలు, 9,596 పదార్థాలు. తరవాత దాన్ని నాలుగువేల మొక్కలకి పైగా పెంచారు. ఇన్నేళ్ళ వైద్యుల జ్ఞాపకశక్తి అంతా ఒక డిస్కులోకి వచ్చేసింది. గుంటూరులో కాలేజీ కుర్రాడు లాప్‌టాప్ మీద వారం రోజుల్లో వెయ్యి పదార్థాలు జల్లెడపట్టి పత్రం రాసెయ్యవచ్చు. రాస్తున్నారు కూడా.

పోయిన నెల మన స్టూడియోకి ఫోన్ చేసిన ఒక తల్లి ప్రశ్న ఇక్కడ చెప్పాలి. ఆవిడ కూతురికి పన్నెండేళ్ళు, తెల్లమచ్చలు మొదలయ్యాయి. ఊరినుంచి అమ్మమ్మగారు పంపిన నూనె సీసా మీద "కంప్యూటర్ ద్వారా పరీక్షించిన మూలికలు" అని ఉందట. నమ్మొచ్చా అండీ అని అడిగారు. నేను ఆ లెక్కలు చేసి బతికేవాణ్ణి కాబట్టి దాని గొప్ప నాకు తెలుసు. పదివేల పదార్థాల్లో తొమ్మిదివేల తొమ్మిదివందల్ని పక్కన పెట్టడానికి అంత చవకైన సాధనం ఇంకోటి లేదు. కానీ "పరీక్షించిన" అన్న మాటకి అక్కడ అర్థం, ఒక బొమ్మలో ఇంకో బొమ్మ ఇమిడింది అని. అంతవరకే. ఆ పదార్థం చర్మం పొరలు దాటుతుందా, కణంలోకి చేరుతుందా, చేరి ఏం చేస్తుంది అన్నవి ఆ మార్కుల్లో లేవు. ఈ మాట ఊరికే అనడంలేదు, జరిగిన సంగతులు చెబుతాను.

మొదటిది తాళంకప్ప గురించి. 2018లో హాంబర్గ్‌లో బయర్స్‌డోర్ఫ్ కంపెనీవాళ్ళు పుట్టగొడుగుని పక్కనపెట్టి, మనిషి టైరోసినేజ్‌నే తయారు చేసుకుని, దాని మీద 50,000 పదార్థాల్ని పరీక్షించిన ఫలితం ప్రకటించారు. ఇది కంప్యూటర్‌లో కాదు, నిజం గొట్టాల్లోనే. క్రీముల్లో ఏళ్ళ తరబడి వాడుతున్న ఆర్బుటిన్, హైడ్రోక్వినోన్ మనిషి ఎంజైము దగ్గర తేలిపోయాయి. జపాన్‌వాళ్ళ బూజునుంచి వచ్చిన కోజిక్ ఆసిడ్‌కి ఎంజైముని సగం ఆపడానికి 500 మైక్రోమోలార్ గాఢత కావలసి వచ్చింది. వాళ్ళకి దొరికిన థయమిడాల్ అనే కృత్రిమ పదార్థానికి 1.1 చాలింది. తమాషా ఏమిటంటే, అదే థయమిడాల్ పుట్టగొడుగు ఎంజైము మీద వంద రెట్లు బలహీనం. పుట్టగొడుగుతో జల్లెడపట్టి ఉంటే చెత్తబుట్టలోకి పోయేది. తాళంకప్పే వేరయితే ఎన్ని చెవులు తిప్పితే ఏం లాభం? మనిషి టైరోసినేజ్ ఆకారాన్ని ఇప్పుడు ఆల్ఫాఫోల్డ్ లాంటి కృత్రిమ మేధ 2021నుంచి ఊహించి ఇస్తోంది, అది మేలే. అయినా చాలా పత్రాల్లో ఇప్పటికీ పుట్టగొడుగే దర్శనమిస్తుంది.

రెండోది జపాన్‌లో జరిగింది. ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. రోడోడెండ్రాల్ అని ఒక పదార్థం. చెట్లలో సహజంగా ఉండేదే. టైరోసినేజ్‌ని ఆపుతుంది. 2008లో ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. కానెబో కంపెనీ దాంతో తెల్లబరిచే క్రీములు అమ్మింది. 2013 జూలైలో ఆ క్రీములన్నీ వెనక్కి పిలిపించారు. ముఖం, మెడ, చేతుల మీద బొల్లి లాంటి తెల్లమచ్చలు వచ్చాయని 19,000 మందికి పైగా ఫిర్యాదు చేశారు. వాళ్ళలో చాలామందికి రంగు తిరిగి వచ్చింది, కొందరికి రాలేదు. ఎందుకిలా అయిందో తరవాత జపాన్ శాస్త్రజ్ఞులే తేల్చారు. ఆ పదార్థం తాళంలో చక్కగా ఇమిడింది. అడ్డుపడి ఊరుకోలేదు. టైరోసినేజ్ దాన్ని తన తిండే అనుకుని నమిలి, విషపు క్వినోన్లుగా మార్చింది. ఆ విషం రంగు కణాన్నే చంపింది. 1939లో తోళ్ళ కార్మికుల చేతుల్లో జరిగినది ఇంచుమించు ఇదే రకం సంగతి. పదార్థాలు కూడా ఒకే పోలికవి, రెండూ టైరోసిన్ వేషం వేసినవే. డెబ్బైనాలుగేళ్ళ కిందటి చేతితొడుగుల కథ పాఠ్యపుస్తకాల్లో ఉండగానే ఇది జరిగింది.

డాకింగ్ మార్కులు ఇక్కడ ఏం చెబుతాయి? బాగా ఇముడుతుంది అని చెబుతాయి. ఇమిడినది ఎంజైముని ఆపుతుందా, ఎంజైము చేతిలో విషమవుతుందా అన్నది ఆ అంకెలో లేదు. అది చెప్పేది సజీవమైన కణం, దాని తరవాత నెలల తరబడి మనిషి చర్మం.

పసుపు సంగతి కూడా ఒక్క ముక్క. ఏ జబ్బు తాళంకప్ప ఇచ్చినా మన పసుపులోని కర్క్యుమిన్ జాబితాలో పైకి తేలుతుంది. ఒంటికి అది పట్టదు, నీళ్ళల్లో నిలవదు, కనిపించిన ప్రతి ప్రోటీనుకీ అంటుకుంటుంది. 2017లో అమెరికా రసాయన శాస్త్రజ్ఞులు దాన్ని నిలదీసి పెద్ద వ్యాసమే రాశారు. పులిహోరకి దాని అవసరం గురించి ఎవరికీ సందేహం లేదు.

ఆ తల్లికి నేను చెప్పిన జవాబు ఇది. ఆ సీసాలో బావంచాలు ఉంటే అది నిజంగా పనిచేసే పదార్థమే, అందుకే భయపడాలి. పిల్లకి రాసి సాకర్ ఆడుకోవడానికి ఎండలోకి పంపితే బొబ్బలెక్కుతాయి. బావంచాలు లోపలికి తీసుకుని కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్యపత్రికల్లో ఉన్నాయి. సీసా పట్టుకుని చర్మవైద్యుడి దగ్గరికి వెళ్ళండి, అమ్మమ్మగారి మనసు నొప్పించకుండా సీసాని అలమరలో పెట్టండి అన్నాను.

ఇంకో మందు గురించి కూడా ఆవిడకి చెప్పాను. బొల్లిలో మన రక్షక కణాలే పొరబాటున రంగు కణాల మీద దాడి చేస్తాయి. ఆ దాడికి పిలుపునిచ్చే సంకేతాల దారిలో జానస్ కైనేజ్ అనే ఎంజైములున్నాయి. 2015లో యేల్ వైద్యులు, కీళ్ళవాతానికి ఇచ్చే కైనేజ్ మాత్రతో ఒక రోగికి ముఖం మీద, చేతుల మీద రంగు తిరిగి రావడం ప్రకటించారు. 2022 జూలైలో రుక్సోలిటినిబ్ అనే క్రీముని అమెరికా ప్రభుత్వం పన్నెండేళ్ళు దాటిన బొల్లి రోగులకి అనుమతించింది. రోగం వల్ల పోయిన రంగు తిరిగి తెప్పించడానికి ఇక్కడ అనుమతి పొందిన మొదటి పైపూత మందు ఇది. పరీక్షల్లో ఆరు నెలలకి దాదాపు 30 శాతం మందికి ముఖంలో మూడువంతుల రంగు తిరిగి వచ్చింది. మిగిలిన 70 శాతం సంగతి కూడా ఆవిడకి చెప్పాను. దాని దుష్ఫలితాలు, ఖరీదు డాక్టరుతో, ఇన్సూరెన్సుతో మాట్లాడుకోవలసినవి. ఇది చెట్టునుంచి వచ్చినది కాదు. ఇప్పుడు మూలికల జాబితాలు పట్టుకుని ఈ కొత్త తాళంకప్ప మీద కూడా డాకింగులు మొదలయ్యాయి. మంచిదే, గురి కనీసం మనిషిది.

చివరికి మళ్ళీ బావంచాల దగ్గరికే వస్తాను, ఎందుకంటే ఈ గింజలో ఇంకో పదార్థం ఉంది. 1966లో మెహతా, నాయక్, సుఖ్‌దేవ్ దాన్ని విడదీసి బాకుచియోల్ అని పేరు పెట్టారు. సొరాలెన్‌కీ దీనికీ నిర్మాణంలో పోలిక లేదు. 2019లో అమెరికాలో 44 మంది మీద పన్నెండు వారాల పరీక్ష చేస్తే, ముడతల్నీ, ముఖం మీది నల్లమచ్చల్నీ రెటినాల్‌తో సమానంగా తగ్గించింది. ఇప్పుడు ఇక్కడి మాల్‌లో ఏ సౌందర్యసాధనాల కొట్టుకి వెళ్ళినా ఆ పేరు చిన్న సీసాల మీద కనిపిస్తుంది. మా అత్తయ్య ఒంటికి రంగు తెప్పించుకోవడానికి వాడిన గింజలోదే, ఇక్కడ రంగు తగ్గించుకోవడానికి అమ్ముతున్నారు. ఒకే గింజలో రెండు దారుల మందులు. మంచి కంపెనీలు సొరాలెన్ తీసేసి బాకుచియోల్ ఒక్కటే శుద్ధిచేసి పోస్తాయి. ఊళ్ళో గానుగ నూనెలో రెండూ ఉంటాయి, ఏది ఎంత ఉందో సీసా మీద ఉండదు.

మీ ప్రశ్నలుంటే స్టూడియోకి ఫోన్ చెయ్యండి, ఇంకో పది నిమిషాలు ఇక్కడే ఉంటాను. సెలవు.